నాడీకణాల సోడియం మార్గాలు, ఆమ్లత్వం: ఒక చారిత్రక పరిశీలన

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు చేసే ఏ రైతును అడిగినా పీహెచ్ అంటే ఏమిటో చెబుతాడు. రాత్రంతా చెరువులోని చేపలు, నాచు, అడుగున కుళ్లే పదార్థం అన్నీ శ్వాసించి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. తెల్లవారేసరికి నీటి పీహెచ్ తగ్గుతుంది. పగటి ఎండలో నాచు ఆ వాయువును వాడేసుకోవడంతో సాయంత్రానికి మళ్లీ పెరుగుతుంది. అందుకే జాగ్రత్త గల రైతు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీరు పరీక్షిస్తాడు. మరీ తగ్గితే సున్నం వేస్తాడు. చెరువు ఇంత ఊగిసలాటను తట్టుకుంటుంది. మన రక్తం తట్టుకోలేదు. దాని పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలోనే ఉండాలి.

ఈ హద్దు దాటితే ముందుగా తేడా కనిపించేవాటిలో నాడీకణం ఒకటి. "ఆమ్లత్వం పెరిగితే నాడి మందగిస్తుంది, క్షారత్వం పెరిగితే రెచ్చిపోతుంది" అని శరీరధర్మశాస్త్ర గ్రంథాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. వాక్యం సరైనదే. కానీ అది ఎలా తెలిసింది, ఎంత ఆమ్లత్వానికి ఎంత మందగింపు అన్న ప్రశ్నలకు జవాబు రావడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. ఈ పాఠంలో ఆ చరిత్రను చూద్దాం. చివర 2020 డిసెంబరులో ఏలూరులో జరిగిన ఘటనను ఇదే దృష్టితో పరిశీలిద్దాం.

కప్ప గుండె, కుళాయి నీరు

1880ల ఆరంభంలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తున్నారు. ఉప్పునీరు ఒక్కటే చాలునని మొదట అనిపించింది. తరువాత తెలిసిందేమంటే, ఆ ద్రావణాన్ని తయారు చేయడానికి వాడినది స్వేదన జలం కాదు, న్యూ రివర్ కంపెనీ సరఫరా చేసే కుళాయి నీరు. అందులో కాల్షియం ఉంది. స్వేదన జలంతో చేసిన ద్రావణంలో గుండె నిలవలేదు. ఈ సంగతిని ఆయన 1883లో ప్రకటించారు. నేటికీ ఆయన పేరుతో వాడుతున్న ద్రావణంలో సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలతో పాటు కొంచెం సోడా బైకార్బొనేట్ కూడా ఉంటుంది. ద్రవం ఆమ్లత్వం వైపు జారకుండా కాపాడేది అదే. నీటిలో ఏమేమి ఉన్నాయో తెలియకుండా ప్రయోగ ఫలితాన్ని నమ్మకూడదని ఈ సంఘటన చూపింది. ఏలూరు దగ్గర ఈ విషయం మళ్లీ ప్రస్తావనకు వస్తుంది, గుర్తుంచుకోండి.

1902లో ఎర్నెస్ట్ ఓవర్టన్ కప్ప కండరం చుట్టూ ఉన్న సోడియం లవణం స్థానంలో చక్కెర ద్రావణం పోశారు. కండరానికి స్పందించే శక్తి పోయింది. సోడియం తిరిగి ఇవ్వగానే శక్తీ తిరిగి వచ్చింది. అంటే ఉత్తేజానికి సోడియం కావాలి. ఇంత స్పష్టమైన ఫలితం నలభై ఏళ్లకు పైగా మూలన పడి ఉంది. అదే ఏడాది జూలియస్ బెర్న్‌స్టైన్ ప్రకటించిన త్వచ సిద్ధాంతంలో ప్రధాన పాత్ర పొటాషియానిది కావడం అందుకు ఒక కారణం. శాస్త్రంలో కూడా ముందు కుర్చీ దొరికినవాడి మాటే చెల్లుతుంది కొన్నాళ్లు.

ఆమ్లత్వాన్ని కొలిచే కొలబద్ద 1909లో వచ్చింది. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ అనే భావనను ప్రవేశపెట్టారు. బీరు తయారీదారుల ప్రయోగశాలలో పుట్టిన కొలత అది. పీహెచ్ ఒక యూనిట్ తగ్గిందంటే ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు, పది రెట్లు పెరిగాయని అర్థం. ఈ పది రెట్ల సంగతి మరిచిపోతే ఇకపై వచ్చే అంకెలన్నీ చిన్నవిగా కనిపిస్తాయి.

భీమవరం నుంచి ఒక సవరణ

ఆ రోజుల్లో ఆమ్లమే కథానాయకుడు. అలసిన కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ చూపారు. ఆ ఆమ్లమే కండరాన్ని సంకోచింపజేస్తుందన్న అభిప్రాయం బలపడింది. ఈ రంగంలో చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఆ అభిప్రాయాన్ని కదిలించినవారిలో ఒకరు కొల్లేటికి ఆమడల దూరంలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే రంగు పద్ధతిని, 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఆయన ప్రకటించారు. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు తయారు కాకుండా చేసినా కండరం కొంతసేపు సంకోచించిందనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చయిందనీ చూపారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. లాక్టిక్ ఆమ్లం కండరంలో ఉన్నమాట నిజం. సంకోచానికి అది కారణం అన్న మాట నిజం కాదు. ఒక పదార్థం అక్కడ దొరకడం వేరు, పని చేసింది అదేనని తేలడం వేరు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి గొప్పదనం అది ఫాస్ఫరస్ ఉందో లేదో చెప్పడంలో లేదు, ఏ క్షణంలో ఎంత ఉందో చెప్పడంలో ఉంది.

స్క్విడ్ నాడి నుంచి కప్ప నాడికి

1936లో జె.జడ్. యంగ్ స్క్విడ్ అనే సముద్రజీవిలోని పెద్ద నాడీతంతువును పరిశోధకుల దృష్టికి తెచ్చారు. ఆ తంతువు కంటికి కనిపించేంత లావు; లోపలికి తీగను దూర్చవచ్చు. 1949లో హాడ్జ్‌కిన్, కాట్జ్ బయటి ద్రవంలో సోడియం తగ్గిస్తే క్రియాశక్మం ఎత్తు కూడా తగ్గుతుందని చూపడంతో ఓవర్టన్ మాట నిలబడింది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు సోడియం ప్రవాహానికి, పొటాషియం ప్రవాహానికి వేరువేరు సమీకరణాలు ఇచ్చారు. త్వచం మీది వోల్టేజి మారగానే సోడియం దారి తెరుచుకుంటుంది, ఒకటి రెండు మిల్లీసెకన్లలో మూసుకుంటుంది. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ దారి రంధ్రమా, వాహకమా, దేనితో తయారైంది అన్నది ఆ సమీకరణాల్లో లేదు.

ఆ ప్రశ్నకు ప్రోటాన్లనే పనిముట్టుగా వాడినవారు బెర్టిల్ హిల్లే. 1968లో ప్రచురించిన వ్యాసంలో ఆయన కప్ప నాడీతంతువును తీసుకుని బయటి ద్రవపు పీహెచ్‌ను మెల్లగా దించుతూ సోడియం ప్రవాహాన్ని కొలిచారు. రెండు ప్రభావాలు విడివిడిగా బయటపడ్డాయి.

మొదటిది ద్వారం తెరుచుకునే తీరుకు సంబంధించినది. త్వచం బయటి ముఖం మీద రుణావేశాలు ఉంటాయి. ప్రోటాన్లు వాటికి అంటుకుని ఆవేశాన్ని తటస్థం చేస్తాయి. అప్పుడు ద్వారానికి తాను ఉన్న వోల్టేజి వేరుగా తెలుస్తుంది. తెరుచుకోవాలంటే మునుపటికంటే బలమైన ప్రేరణ కావాలి. కాల్షియం చేసే పని కూడా ఇదే తీరులో ఉంటుంది. రింగర్ కుళాయి నీటిలోని కాల్షియం గుండెకు అంత ముఖ్యమైనదని తెలిసిన ఎనభై ఐదేళ్లకు, నాడిలో అది ఎక్కడ కూర్చుని పనిచేస్తుందన్న దానికి ఇలా ఒక వివరణ దొరికింది.

రెండోది, ద్వారం తెరుచుకున్నాక కూడా ప్రవాహం తగ్గడం. పీహెచ్ 5.2 దగ్గర ప్రవాహం సగానికి పడిపోతుంది. పీహెచ్ పెంచగానే కోలుకుంటుంది. దీని నుంచి హిల్లే చేసిన అనుమితి చక్కనిది: మార్గంలో ఎక్కడో ఒక ఆమ్ల సమూహం ఉంది, అది రుణావేశంతో ఉన్నంతసేపే సోడియం పోతుంది, ప్రోటాన్ వచ్చి దాని మీద కూర్చుంటే దారి మూతపడుతుంది.

ఎక్కడ అన్నదానికి 1973లో ఆన్ వుడ్‌హల్ సమాధానం చెప్పారు. ప్రోటాన్ త్వచం బయటి ఉపరితలం మీదే కూర్చుంటే, త్వచం లోపలి వోల్టేజి దాన్ని పట్టించుకోకూడదు. కానీ లోపలి వైపు ఎక్కువ రుణంగా ఉంటే అవరోధం పెరుగుతోంది, ధనంగా చేస్తే తగ్గుతోంది. అంటే వోల్టేజి ప్రోటాన్‌ను లోపలికి లాగుతోంది. ఎంత లోపలికి? బయటి నుంచి విద్యుత్ క్షేత్రంలో సుమారు పావు వంతు దాకా. మార్గాన్ని ఎవరూ కంటితో చూడని రోజుల్లో, కేవలం విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి, లోపల ఇంత దూరంలో ఒక కుర్చీ ఉందని చెప్పగలిగారు. నాడీశాస్త్ర చరిత్రలో నాకు బాగా ఇష్టమైన పత్రాల్లో ఇది ఒకటి. ఖరీదైన యంత్రం ఏదీ అవసరం లేని ఆలోచన అది.

మిగతాది వేగంగా జరిగింది. 1984లో జపాన్‌లో నుమా బృందం విద్యుత్ ఈలు చేప సోడియం మార్గంలోని 1820 అమైనో ఆమ్లాల క్రమాన్ని వెల్లడించింది. 1990ల ఆరంభానికి మార్గపు ఇరుకు భాగంలో ఆస్పార్టేట్, గ్లుటమేట్, లైసిన్, అలనిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాలు వలయంగా ఉంటాయని తేలింది. వీటిలో మొదటి రెండూ రుణావేశపు ఆమ్ల సమూహాలు గలవే. హిల్లే ఊహించిన కుర్చీకి ఇలా చిరునామా దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వుడ్‌హల్ కొలతల ప్రకారం, త్వచ వోల్టేజి సున్నా దగ్గర పీహెచ్ 5.4 వద్ద సగం మార్గాలు ప్రోటాన్లతో మూసుకుంటాయి. ఈ ఒక్క అంకెతో పీహెచ్ 6.4 వద్ద, 7.4 వద్ద ఎన్ని మూసుకుంటాయో లెక్కించండి.

జవాబు: 6.4 వద్ద సుమారు 9 శాతం, 7.4 వద్ద సుమారు 1 శాతం. ఇంకో లెక్క కూడా చూడండి. పీహెచ్ 7.4 వద్ద కణం వెలుపలి ద్రవంలో ప్రోటాన్ల గాఢత లీటరుకు 40 నానోమోల్స్. సోడియం సుమారు 145 మిల్లీమోల్స్. దాదాపు 36 లక్షల సోడియం అయాన్లకు ఒక్క ప్రోటాన్. అంత అరుదైన అయాను ప్రభావం చూపగలుగుతోందంటే, ఆ ఆమ్ల సమూహానికి సోడియం కంటే ప్రోటాన్ మీద ఎంత ఆకర్షణ ఉందో ఊహించుకోండి.

పన్ను నొప్పి, మత్తు సూది

చీము పట్టిన పన్నుకు మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదని దంతవైద్యులకు అనుభవం. "వాపు తగ్గనివ్వండి, తరువాత పీకుదాం" అని మందులు రాసి పంపడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. స్థానిక మత్తుమందుల చరిత్ర 1884లో మొదలవుతుంది. ఆ ఏడాది వియన్నాలో కార్ల్ కోల్లర్ కొకెయిన్‌తో కంటిని మొద్దుబార్చారు. (పేరు విని మన కొల్లేటికి చుట్టం అనుకోకండి.) నేడు ఎక్కువగా వాడే లిడోకెయిన్ 1943లో స్వీడన్‌లో తయారైంది. ఇది బలహీన క్షారం. ఆవేశం లేని రూపంలో ఉంటేనే నాడీత్వచాన్ని దాటుతుంది. లోపలికి వెళ్లాక ఆవేశం పొందిన రూపంలో సోడియం మార్గాన్ని లోపలి వైపు నుంచి మూస్తుంది. పీహెచ్ 7.4 వద్ద మందులో దాదాపు 24 శాతం ఆవేశం లేని రూపంలో ఉంటుంది. వాచిన కణజాలంలో పీహెచ్ 6.4కు పడితే అది 3 శాతమే. వాపు చోట రక్తప్రసరణ ఎక్కువై మందు త్వరగా కొట్టుకుపోవడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా ఆమ్లత్వం మార్గాన్ని నేరుగా 9 శాతం మూస్తూనే, ఆ మార్గాన్ని పూర్తిగా మూయవలసిన మందును గుమ్మం బయటే ఆపేస్తున్న ఈ వైచిత్రి గమనించదగ్గది.

మూర్ఛ ఎందుకు ఆగుతుంది?

1924లో జర్మన్ నాడీవైద్యుడు ఫోర్‌స్టర్, గబగబా లోతుగా శ్వాసింపజేస్తే కొందరు రోగుల్లో మూర్ఛ వస్తుందని గుర్తించారు. అలా శ్వాసిస్తే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి రక్తం క్షారత్వం వైపు జరుగుతుంది. ఈఈజీ తీసేటప్పుడు నేటికీ రోగిని కొద్ది నిమిషాలు అలా శ్వాసించమంటారు. దీనికి విపర్యయంగా, బోస్టన్‌లో విలియం లెన్నాక్స్, ఆయన సహచరులు కార్బన్ డయాక్సైడ్ పీల్పించి కొన్ని రకాల మూర్ఛలు తగ్గడం చూశారు.

పెద్ద మూర్ఛ వచ్చినప్పుడు కండరాలన్నీ బిగుసుకుని లాక్టిక్ ఆమ్లం విడుదలవుతుంది. 1977లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మూర్ఛ ముగిసిన వెంటనే రోగుల రక్తపు పీహెచ్ సగటున 7.14 ఉంది. ప్రోటాన్లు మామూలుకు 1.8 రెట్లు అన్నమాట. గంట తిరిగేసరికి లాక్టిక్ ఆమ్లం సగానికి తగ్గింది. మెదడు లోపల కూడా పీహెచ్ తగ్గుతుంది.

ఆమ్లత్వం పెరిగింది, సోడియం మార్గాలు మూసుకున్నాయి, మూర్ఛ ఆగింది అని వెంటనే రాసేయాలనిపిస్తుంది. పరీక్షల్లో చాలామంది రాస్తారు కూడా. లెక్క వేసి చూడండి. మెదడులో పీహెచ్ 6.8కి పడిందనుకున్నా, పై సూత్రం ప్రకారం నేరుగా మూసుకునే మార్గాలు 4 శాతానికి మించవు. ద్వారం తెరుచుకోవడానికి బలమైన ప్రేరణ కావలసి రావడం దీనికి తోడవుతుంది. అయినా మొత్తం మూర్ఛను ఆపడానికి ఇవి చాలవు. మిగతా సమాధానం వేరే చోట దొరికింది. 1980లో కీవ్‌లో క్రిష్టల్, పిడోప్లిచ్కో ఆమ్లం తగలగానే నాడీకణాల్లో ఒక ప్రవాహం పుట్టడం గమనించారు. 1997లో ఫ్రాన్స్‌లో లాజ్డున్‌స్కీ బృందం ఆ పని చేసే మార్గపు జన్యువును పట్టుకుంది. విచిత్రమేమంటే ఇవి కూడా సోడియాన్ని లోపలికి వదిలేవే, కానీ ఆమ్లానికి మూసుకోవు, తెరుచుకుంటాయి. 2008లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మార్గాలు ఇతర కణాలను అణచే నాడీకణాలను రెచ్చగొట్టి, తద్వారా మూర్ఛను ముగించడానికి తోడ్పడుతున్నాయని తేలింది. ఆమ్లం ఒక సోడియం ద్వారాన్ని కొద్దిగా మూస్తుంది, ఇంకో సోడియం ద్వారాన్ని తెరుస్తుంది. రెండింటి ఫలితమూ శాంతి వైపే.

ఏలూరు, 2020 డిసెంబరు

2020 డిసెంబరు 5న ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. మూర్ఛ, నోటి నురగ, కొద్ది నిమిషాల పాటు స్పృహ లేకపోవడం, వాంతులు, తలనొప్పి. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య 600 దాటింది. చాలామంది త్వరగానే కోలుకుని ఇంటికి వెళ్లారు. కరోనా కాలం కావడంతో బ్లీచింగ్ పౌడరు దగ్గర నుంచి తాగునీటి దాకా అన్నిటి మీదా అనుమానాలు వచ్చాయి. కృష్ణా, గోదావరి కాలువల నీరు రెండూ చేరే ఊరు అది. పక్కనే తమ్మిలేరు, దిగువన కొల్లేరు. ఎగువ పొలాల్లో చల్లినదేదైనా నీటితో ఇటే రావాలి.

ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు, ముఖ్యంగా ట్రయాజోఫాస్ బయటపడ్డాయి. మొదటి రోజుల్లో ఆర్గానోక్లోరిన్ల పేరు కూడా గట్టిగా వినిపించింది. డిసెంబరు మధ్యకు నిపుణుల నివేదికల ఆధారంగా పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం ప్రకటించింది. అవి శరీరంలోకి ఏ దారిన చేరాయన్నది ఇంకా అధ్యయనం చేయాలని కూడా చెప్పింది.

ఇప్పుడు ఈ పాఠంలో నేర్చుకున్నదానితో ఒక్కొక్క పేరును పరీక్షించండి. సీసం నెలల తరబడి పేరుకుని హాని చేస్తుంది. కొద్ది నిమిషాల్లో వచ్చిపోయే మూర్ఛలకు, ఒకే వారంలో వందల మందికి, అది సరిపోయే వివరణ కాదు. రక్తంలో దొరకడం లాక్టిక్ ఆమ్లం కండరంలో దొరకడం లాంటిదే. ఆర్గానోక్లోరిన్లలో డీడీటీ నేరుగా సోడియం మార్గం మీదే పనిచేస్తుంది. తెరుచుకున్న ద్వారాన్ని సమయానికి మూసుకోనివ్వదు. ఒక్క ప్రేరణకు నాడి పదేపదే స్పందిస్తుంది. 1960లలో తోషియో నరహాషి ఈ సంగతిని నాడీతంతువుల మీద కొలిచి చూపారు. పైరిత్రాయిడ్ మందులదీ ఇదే దారి. ప్రోటాన్ మూసే మార్గాన్ని ఇవి తెరిచి పట్టుకుంటాయన్నమాట. ఎండోసల్ఫాన్ వంటి ఇతర ఆర్గానోక్లోరిన్లు సోడియం మార్గాన్ని ముట్టవు. అణచివేత సంకేతాలను అడ్డుకుని మూర్ఛ తెప్పిస్తాయి.

ట్రయాజోఫాస్ వీటిలో చేరదు. అది ఆర్గానోఫాస్ఫేట్. ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును అది పని చేయనివ్వదు. ఆ విషం తలకెక్కితే మూర్ఛ ఒక్కటే రాదు. కనుపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోతాయి, చొంగ, చెమట, కన్నీరు కారతాయి, గుండె వేగం తగ్గుతుంది. రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయి పడిపోతుంది, అది కోలుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. కాబట్టి ఏలూరు బాధితుల్లో అసలు అడగవలసిన అంకె అవశేషం ఉందా లేదా అన్నది కాదు, మొదటి గంటల్లో తీసిన రక్తంలో కోలినెస్టరేజ్ ఎంత అన్నది. పడిపోయిన మనిషి రక్తంతో పాటు, అదే ఇంట్లో అదే కూర తిని, అదే నీరు తాగి పడిపోని మనిషి రక్తంలో ఎంత అన్నది కూడా.

బాధితుల రక్తంలో ఆమ్లత్వం కనిపించినా అది విషానికి గుర్తు కానక్కరలేదు. మూర్ఛ ఏ కారణంగా వచ్చినా ముగిశాక ఆమ్లత్వం ఉంటుంది. అలాగే పక్కవారు పడిపోతుంటే భయంతో గబగబా శ్వాసించినవారికి వేళ్లు తిమ్మిరెక్కడం, కళ్లు తిరగడం సహజం. అది క్షారత్వపు పని. ఈ రెండు రకాల వారినీ ఒకే జాబితాలో కలిపితే ఏ లెక్కా తేలదు. విషపు దారి నీరే అయితే ఆ నీటి పీహెచ్ కూడా నమోదు చేయవలసినదే. ఆర్గానోఫాస్ఫేట్లలో చాలావాటిని క్షార నీరు త్వరగా విడగొడుతుంది, తటస్థ నీటిలో అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. రింగర్ కుళాయి నీటిని గురించి వేసిన ప్రశ్న ఇదే.

ట్రయాజోఫాస్‌ను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. నిల్వలు అయ్యేందుకు గడువు ఇచ్చి, 2020 డిసెంబరు 31 నుంచి అమలు అని అందులో పేర్కొంది. ఏలూరులో మొదటి కేసులు వచ్చేనాటికి ఆ గడువుకు ఇంకా 26 రోజులు ఉంది.